వేలు పడ్డదా?

మహేశ్ చేసే కొలువు ఏమిటో రాయికల్‌లో ఎవరికీ ఒక పట్టాన అర్థం కాదు. జగిత్యాలలో టైల్స్ దుకాణం పై అంతస్తులో ఫ్యాను కింద కూర్చుని దుబాయి పని చేస్తాడు. ఏ దేశమైనా మావైపు అది దుబాయే లెండి. విమానమెక్కలేదు, ఎడారి మొహం చూడలేదు, అయినా నెల తిరగ్గానే జీతం పడుతుంది. ఊళ్లోవాళ్లు కొంచెం కుళ్లుకునేవారు కూడా. కుళ్లుకోరా మరి! ఇంటికొకడు అక్కడ ఎండలో మాడిపోతుంటే.

కంపెనీ విశ్వజిత్‌ది. కోరుట్లలో పెద్ద గడి ఉన్న దొరల కుటుంబం. తాతల కాలంలో ఊళ్లు ఏలారు, మనవడి కాలానికి మనుషులను విమానం ఎక్కించే వ్యాపారంలో దిగారు. ఆ మనుషులను కూలికి తీసుకునే అక్కడి కంపెనీ క్యాంపులో ఒక సర్వరు ఉంది. దాని మంచిచెడ్డలు ఇక్కడినుంచి చూసుకోవడమే మహేశ్ పని.

ఆ సర్వరుకు బొమ్మలుండవు, మౌసు ఉండదు. నల్లతెర, దాని మీద తెల్లక్షరాలు, అంతే. సరైన మాట కొడితే పని చేస్తుంది, ఒక్క అక్షరం తప్పితే మొండికేస్తుంది. మహేశ్ ముఖ్యంగా చూసుకునేది డ్రైవర్లను. డ్రైవరంటే చిన్న ప్రోగ్రాం. బయట తగిలించిన మిషన్ మాట సర్వరుకు తెలియదు, సర్వరు మాట మిషన్‌కు తెలియదు. ఇద్దరి మధ్య నిలబడి ఈ మాట ఆ చెవిన, ఆ మాట ఈ చెవిన వేసేది డ్రైవరు. క్యాంపులో అరబ్బీ వచ్చిన మేస్త్రీ ఎలాగో ఇదీ అలాగే. మేస్త్రీ సరిగ్గా చెబితే కూలీ బతికాడు, తప్పు చెబితే చచ్చాడు.

క్యాంపు గేటు దగ్గర వేలిముద్ర మిషన్లు ఉన్నాయి. తెల్లవారుజామున బస్సెక్కే ముందు ప్రతివాడూ తన నంబరు కొట్టి వేలు పెట్టాలి. పచ్చ లైటు వెలిగితే హాజరు. ఎర్ర లైటు వెలిగితే ఆ రోజు వాడు లేనట్టే. వరసగా మూడు రోజులు వేలు పడకపోతే సర్వరే ఎవర్నీ అడక్కుండా అక్కడి సర్కారుకు రాసి పంపుతుంది, ఫలానావాడు పారిపోయాడని. ఇక వాడు ఖల్లివెల్లి, అంటే కాగితం లేని మనిషి. పోలీసుకు దొరికితే జైలు, దొరక్కపోతే దాక్కునే బతుకు.

ఈ మిషన్లతో మనవాళ్లకు ఒక చిక్కు వచ్చింది. కరువు పనిలో, అదే ఉపాధి హామీ కూలిలో, మనకు ఒకరి పేరుకు ఒకరు పలకడం అలవాటు. పని చూసే మేటు పేరు పిలుస్తాడు, ఆ మనిషికి జ్వరం, పక్కామె "ఉన్న" అంటుంది. ఎవరూ తప్పనుకోరు. రేపు ఈమెకు జ్వరమొస్తే ఆమె పలుకుతుంది. ఆ బుద్ధి సముద్రం దాటినా పోలేదు. ఒంట్లో బాగాలేని వాడి నంబరు కొట్టి గదిలోవాడు తన వేలు పెట్టి చూసేవాడు. పదిసార్లలో ఒకసారి మిషన్ మోసపోయేది. అక్కడి కంపెనీవాళ్లు ఇది కనిపెట్టి దొంగ హాజరు పట్టే కొత్త డ్రైవరు తెప్పించారు. దాన్ని ఎక్కించమని విశ్వజిత్ చెప్పాడు.

చెప్పి ఊరుకున్నాడా? కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ తలుపులో నిలబడ్డాడు. కోరుట్లలో వాళ్లింట్లో ఏదో ఫంక్షన్. మహేశ్ నల్లతెర మీద డ్రైవర్ల జాబితా తెప్పించాడు, కొత్తది చేర్చాడు. మిషన్ మాత్రం పాత డ్రైవరునే పట్టుకుని వేలాడుతోంది. పాతదాన్ని తీసేయాలంటే ముందు దాని నకలు ఒకటి దాచుకోవాలి. ఏళ్లుగా మహేశ్ ఆ పని మానలేదు.

"ఎంతసేపు మహేశ్? పాతదాన్ని పీకెయ్. మా అమ్మ రెండుసార్లు ఫోన్ చేసింది."

మహేశ్ నకలు తియ్యలేదు. డిలీట్ అని కొట్టాడు, మొండికేయకుండా వెనకాల ఫోర్స్ అని కూడా తగిలించాడు. పాత డ్రైవరు పోయింది. సారు కోరుట్లకు పోయాడు. ఏం మునిగిందని అంత తొందర పడ్డావయ్యా అని అడిగేవాళ్లు లేకపోయారు ఆ గదిలో.

భూమన్న మహేశ్‌కు బావ. అక్క శ్రీలత మొగుడు. కల్లు గీసే ఇల్లు వాళ్లది. మీసాలు రాకముందు నుంచి తాటిచెట్లు ఎక్కాడు. నడుముకు కట్టే మోకు రాపిడికి అరచేతులు కాయలు కాచాయి. చెట్లు తగ్గాక దుబాయి పోయి నేలలకు పాలిష్ పట్టే పనిలో చేరాడు. వేళ్ల మీద మిగిలిన గీతలు సిమెంటు నీళ్లు తినేశాయి. శ్రీలత వేళ్లు మాత్రం ఏం బాగున్నాయి? బీడీలు చుట్టీ చుట్టీ ఆమెవీ అరిగిపోయాయి. రేషన్ దుకాణంలో మిషన్ పట్టకపోతే వేలు నెత్తికి రాసుకుని, ఆ కాస్త నూనె జిడ్డుతో పెడుతుంది. చాలావరకు పడుతుంది. మొగుడికి ఆ ఉపాయం చెప్పిందీ ఆమే. పాత డ్రైవరు ఉన్నన్నాళ్లూ భూమన్న అలాగే నెట్టుకొచ్చాడు. కాంట్రాక్టు కూడా అయిపోవచ్చింది. ఇక తిరిగి పోను, ఇక్కడే ఏదో ఒకటి చేసుకుంటానని భార్యకు మాటిచ్చాడు.

కొత్త డ్రైవరు ఎక్కిన రెండో రోజు పొద్దున భూమన్న ఫోన్ చేశాడు.

"బామ్మర్దీ, నా ఏలు పడ్తలేదురా."

"ఎప్పటిసంది బావా?"

"నిన్న పడలే, ఇయ్యాల పడలే. నెత్తికి రాసుకొని పెట్టిన, అయినా ఎర్రలైటే. లైన్ల ఎనకున్నోళ్లు ఒకటే లొల్లి."

"ఫోర్‌మన్‌కు చెప్పినవా?"

"చెప్పిన. మిషన్ల లేకుంటే నువ్వు లేనట్టే అన్నడు. నేను పాలిష్ పట్టిన నేల మీదనే నిలవడి అన్నడురా ఆ మాట."

"బావా, జర ఇను. రేపు గూడ పడకుంటే సర్వరే రాసి పంపుతది, నువ్వు పారిపోయినవని. అండ్ల నా చేతుల ఏం లేదు. ఖల్లివెల్లి అయితవ్."

"ఉన్నోన్ని పారిపోయిండని ఎట్ల రాస్తదిరా?" అన్నాడు భూమన్న. గొంతులో కోపం కాదు, భయం ఉంది. ఆకాశాన్నంటే తాటిచెట్టు మీద బెరుకు లేనివాడికి పోలీసు టోపీ అంటే మాత్రం వణుకు.

"నేను చూస్త. మాపటికల్ల ఏదో ఒకటి చేస్త. నువ్వు పైలంగ ఉండు."

"మీ అక్కకు చెప్పకు. పరేషాన్ అయితది."

మహేశ్ పరుగున పోయి విశ్వజిత్‌కు సంగతంతా చెప్పాడు. మా బావొక్కడే కాదు సార్, చేతులు అరిగిన వాళ్లందరిదీ ఇదే గతి అన్నాడు. విశ్వజిత్ ఫోనులోంచి తలెత్తలేదు. "అది వాళ్ల కంపెనీ రూలు మహేశ్. మనం ముట్టుకోవద్దు. అక్కడోళ్లే ఏదో చూసుకుంటరు తీ." అక్కడివాళ్లు చూసుకోరని ఇద్దరికీ తెలుసు. పాత డ్రైవరు పంపమని మిషన్లు అమ్మినవాళ్లను అడిగితే, అది ఇక ఇవ్వడం లేదన్నారు.

అప్పుడు గుర్తుకొచ్చింది సిరిసిల్ల. ఈ కొలువుకు ముందు మహేశ్ అక్కడొక మరమగ్గాల షెడ్డులో ఇవే మిషన్లు, ఇలాంటి సర్వరే పెట్టాడు. అక్కడి వాళ్ల వేళ్లు కూడా పోగులు పట్టీ పట్టీ అరిగినవే. అందుకే వేలు కాస్త సరిపోలినా ఒప్పుకునేలా డ్రైవరులో పట్టు బాగా సడలించి పెట్టాడు. షెడ్డు మూతబడింది. కానీ సర్వరును ఎవరు మోసుకుపోతారు? అక్కడే ఉండాలి. సెలవైనా చెప్పకుండా బండి తీశాడు.

వేములవాడ దాటి సిరిసిల్ల చేరేసరికి మధ్యాహ్నం అయింది. ఒకప్పుడు ఆ వీధిలో మాట వినాలంటే చెవిలో అరవాల్సి వచ్చేది, అన్ని మగ్గాలు మోగేవి. ఇప్పుడు సైకిలు గంట కూడా వినిపిస్తోంది. తాళం చెవి లస్మవ్వ దగ్గర ఉంది. అదే షెడ్డులో నూలు కండెలు చుట్టిన మనిషి. షెడ్డుకు కరెంటు పీకేశారని చెప్పి, తన ఇంట్లోంచే వైరు లాగించింది. ఎందుకు, ఏమిటి అని ఒక్క ముక్క అడగలేదు.

దుమ్ము దులిపి మీట నొక్కితే ఆ ముసలి సర్వరు దగ్గుతూ లేచింది. నల్లతెర వచ్చింది. మహేశ్ జాబితా తెప్పించాడు. ఉంది! పద్నాలుగో నంబరు మీద పాత డ్రైవరు చెక్కుచెదరకుండా ఉంది. ఎక్స్‌పోర్ట్ అని కొట్టి పెన్‌డ్రైవ్‌లోకి నకలు తీశాడు. ఎంత చిన్న పని! ఆ రోజు సారు తాళాలు తిప్పుతున్నప్పుడు ఇదే పని చేసి ఉంటే ఇంత దూరం రావలసిన పనే లేదు. తనను తాను నోరారా తిట్టుకున్నాడు.

లస్మవ్వ గడపలోనే నిలబడి ఉంది. "కొడుకా, గండ్ల మా ఎల్లన్న హాజరు గూడ ఉంటదా?"

ఎల్లన్న ఆమె మొగుడు. మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోతున్న ఏడే ఆ షెడ్డు దూలానికి ఉరేసుకున్నాడు. మహేశ్ మళ్లీ తెర వైపు తిరిగాడు. వెతికి చూపించాడు. రోజూ హాజరు, హాజరు, హాజరు. ఒక రోజు తర్వాత ఇంకేమీ లేదు.

"గా దినమే," అన్నది లస్మవ్వ. చదవడం రాకపోయినా తెర మీద ఆ చోటును వేలితో ముట్టుకుంది. "మిషన్‌కు గూడ ఎరికైంది." కొంగుతో మొహం తుడుచుకుని, వైరు చుట్టుకుంటూ వెళ్లిపోయింది.

పొద్దుగూకేసరికి మహేశ్ జగిత్యాల చేరాడు. ఆఫీసులో ఎవరూ లేరు. క్యాంపు సర్వరులోకి దూరి కొత్త డ్రైవరును పీకేశాడు, సిరిసిల్లది ఎక్కించాడు. పట్టు అక్కడ ఎంత సడలించాడో అంతే ఉంచాడు. బావకు మళ్లీ తిప్పలు రావద్దని కావాలనే ఉంచాడు. మంచి చేస్తున్నాననే అనుకున్నాడు పాపం. భూమన్నకు ఫోన్ చేస్తే స్విచాఫ్ అని వచ్చింది. చార్జింగ్ అయిపోయి ఉంటుందిలే అని సరిపెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున ఆఫీసు తెరవగానే హాజరు తెప్పించి చూశాడు. భూమన్న, రాయికల్, హాజరు! మహేశ్ కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. పట్టలేని సంతోషంతో అక్కకు ఫోన్ చేసి, జరిగిందంతా చెప్పేశాడు. శ్రీలత కాసేపు తిట్టింది, కాసేపు ఏడ్చింది, తర్వాత నవ్వింది. "మీ బావ ఫోన్ కలుస్తలేదురా" అన్నది. "ఖరాబైనట్టుంది. డ్యూటీకైతే పోయిండక్కా. నా కండ్లతోని చూసిన" అన్నాడు మహేశ్.

ఆ రోజు నుంచి అది అలవాటైంది. పొద్దున ఆఫీసు తెరిచే వేళకు శ్రీలత ఫోన్ వచ్చేది. వెనకాల బీడీ ఆకులు కత్తిరిస్తున్న కత్తెర టకటకలాడుతూ ఉండేది. "పడ్డదారా?" "పడ్డదక్కా." అంతే మాట. కత్తెర ఆగేది కాదు. మొగుడి గొంతు వినక ఆమెకు బెంగగా ఉండేది, అలిగేది, ఇంటికి రానీ చెబుతానని కోప్పడేది. కానీ రోజూ వేలు పడుతోంది కదా. వేలు పడుతున్న మనిషి బతికే ఉంటాడు కదా. మహేశ్ కూడా అలాగే అనుకున్నాడు. క్యాంపు ఆఫీసుకు ఫోన్ చేసి అడిగితే, వాళ్లూ తెర చూసి అదే చెప్పారు, మీవాడు డ్యూటీలో ఉన్నాడని.

బాలకిషన్‌ది ఎల్లారెడ్డిపేట. భూమన్నతో ఒకే గదిలో పైమంచం కిందిమంచం. ఒకరోజు మధ్యాహ్నం అతని నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తగానే ఏడుపు.

"మహేశన్నా, మీ బావ భూమన్న లేడే. లేడే ఇగ."

ఎప్పుడు అని అడిగాడు మహేశ్. బాలకిషన్ ఏడుస్తూనే చెప్పాడు. ఆ రెండో రోజు మాపటికే భూమన్న క్యాంపు వదిలి పోయాడట. పొద్దున పోలీసులు గేటు దగ్గరికే వచ్చి పట్టుకుంటారని ఎవరో అన్నారట. మా బామ్మర్ది కూడా ఖల్లివెల్లి అయితవని చెప్పాడని వణికిపోయాడట. అవతలి ఊళ్లో మెట్‌పల్లి వాళ్లున్నారు, వాళ్ల దగ్గర నాలుగు రోజులు తలదాచుకుని వస్తానని, చెక్‌పోస్టు తగలకుండా రోడ్డు వదిలి ఇసుకలో నడిచాడట. ఆ ఊరు చేరనే లేదు. ఇన్నాళ్లకు మేకలు కాసేవాడికి కనిపించాడు. జేబులో క్యాంపు కార్డు ఉంది కాబట్టి ఎవరో తెలిసింది, లేకపోతే అదీ లేదు.

"మరి హాజరు?" అన్నాడు మహేశ్. "రోజు హాజరు పడ్డది గదరా!"

"నేనే పెట్టిన. మూడో దినం పొద్దుగాల ఆయన నంబరు కొట్టి నా ఏలు పెట్టి చూసిన. పచ్చలైటొచ్చింది. గప్పటిసంది రోజు పెడుతున్న. వచ్చేదాక పేరు నిలవెట్టాలె గదా అన్నా. ఇంటికాడ చెప్పద్దని ఆయనే ఒట్టు పెట్టించుకుండు." బాలకిషన్ ఎక్కిళ్లు పెడుతూ అన్నాడు, "నువ్వే మా కోసం గట్ల జేసినవనుకున్న."

అరిగిన వేలు ఏదైనా సరే, భూమన్న అని ఒప్పుకునేలా మిషన్‌ను సడలించింది మహేశే. ఆ రోజు ఎర్రలైటు వెలిగి ఉంటే? మూడో రోజే సర్వరు రాసి పంపేది. పోలీసులు వెతికేవారు. దొరికితే జైల్లో పెట్టేవారు, తన్నేవారు, ఆఖరికి విమానం ఎక్కించి తరిమేసేవారు. తరిమేస్తే ఇంటికొచ్చేవాడు కదా! ఖల్లివెల్లి అయితే ఏం, ఎవడో ఒకడు వెతికేవాడు. రోజూ హాజరున్న వాణ్ణి ఎవరు వెతుకుతారు? మహేశ్ గోడకు తల బాదుకున్నాడు.

ఇంతటితో అయిపోలేదు. అక్కడి కంపెనీ శవాన్ని తమదని ఒప్పుకోలేదు. మా భూమన్న ఈ పొద్దు కూడా డ్యూటీకొచ్చాడు, కార్డు ఎవడో దొంగిలించి ఉంటాడని పోలీసులకు రాసిచ్చింది. శవం పేరు లేకుండా ఐసుపెట్టెలో పడి ఉంది. విశ్వజిత్‌కు సంగతి తెలిసి మహేశ్‌ను తన గదిలోకి పిలిచాడు. మొదటిసారి కుర్చీ చూపించి కూర్చోమన్నాడు.

"రికార్డుల మనిషి డ్యూటీల ఉన్నడు. కాంట్రాక్ట్ అయ్యేదాక గట్లనే ఉండనీ. ఆ పిలగాన్ని ఏలు పెట్టుకుంట పొమ్మను. తర్వాత వెళ్లిపోయిండని రాసేద్దం."

"మా అక్కకు శవం గూడ దక్కద్దా సార్?"

"నోరు తెరిస్తే ముందు లోపలికి పోయేది నువ్వే. చెప్పకుండ ఆ డ్రైవరు పెట్టింది ఎవరు? నీ మంచికే చెప్తున్న."

మహేశ్ లేచి వచ్చి తన తెర ముందు కూర్చున్నాడు. భయం లేదంటే అబద్ధం. కానీ బావ పేరు ఇక్కడ పచ్చగా వెలుగుతున్నంత కాలం అక్కడ బావకు పేరు లేదు. బావను ఇంటికి తేవాలంటే ముందు ఈ తెర మీద చంపాలి. నల్లతెర తెరిచాడు. ముందు నకలు తీశాడు. తాను ఏ రోజు ఏ డ్రైవరు తీసి ఏది పెట్టాడో, ఎందుకు పెట్టాడో, బాలకిషన్ వేలు ఎలా పడిందో అంతా రాసి, నకలు జత చేసి, అక్కడి మన ఎంబసీకి పంపించాడు. కింద తన పేరు పెట్టుకున్నాడు. తర్వాత సిరిసిల్ల డ్రైవరును పీకేసి కంపెనీవాళ్లదే మళ్లీ ఎక్కించాడు. బాలకిషన్‌కు ఫోన్ చేసి, "రేపటిసంది పెట్టకు తమ్మీ" అన్నాడు. నీ సంగతి కూడా రాశాను, తప్పంతా నాదేనని రాశానని చెప్పాడు. బాలకిషన్ "మంచిగ చేసినవన్నా" అన్నాడు.

మర్నాడు పొద్దున మహేశ్ హాజరు తెప్పించాడు. భూమన్న, రాయికల్, గైర్హాజరు. లస్మవ్వ ముట్టుకున్న చోటు గుర్తుకొచ్చింది. అక్కడ ఆమెకు ఆ రోజైనా దొరికింది. అక్కకు ఈ తెర మీద దొరికేది అబద్ధం తేదీ.

ఫోన్ మోగింది. వెనకాల కత్తెర టకటకలాడుతోంది.

"పడ్డదారా?"

"పడలేదక్కా."

"ఓ గంతేనా? నెత్తికి జర రాసుకొని పెట్టుమను మీ బావను. ఎన్నిసార్లు చెప్పినా ఇనడు."

ఫోనులో చెప్పే మాట కాదది. "అక్కా, నేను ఇంటికస్తున్న."

కత్తెర చప్పుడు ఆగింది.

"డ్యూటీ ఇడిచిపెట్టి ఎందుకస్తున్నవురా?" అన్నది శ్రీలత.